చివరి రోజుల్లో ఉన్న మనిషి ఇంట్లో నవ్వడం తప్పా?

ఇంట్లో ఒకరు చావుబతుకుల్లో ఉన్నప్పుడు మిగతావాళ్ళు ఎలా మెలగాలో చెప్పే మెసేజ్ ఒకటి ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఆ ఇంట్లో నవ్వు వినపడకూడదట. చూసుకునేవాళ్ళు సరదాలన్నీ మానేయాలట. జబ్బు ముదిరిందని రోగికి చెప్పకూడదట, పిల్లల్ని గదిలోకి రానివ్వకూడదట, పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) అంటే చేతులెత్తేసినట్టేనట. ఆఖరున "సంతోషపడటానికి తర్వాత జీవితమంతా ఉంది" అని ముగుస్తుంది. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఈ మాటలు పాటిస్తే రోగి ఒంటరైపోతారు, చూసుకునేవాళ్ళు నలిగిపోతారు.

ముందు నవ్వు సంగతి. బాధ నిజమైనదైతే నవ్వెలా వస్తుందన్నది దీని వెనక ఉన్న నమ్మకం. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఎయిడ్స్‌తో చనిపోతున్న తమ భాగస్వాములకు సేవ చేసిన మగవాళ్ళ మీద మనస్తత్వ శాస్త్రవేత్త సుసాన్ ఫోక్‌మన్ చాలాకాలం పరిశోధించి, 1997లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో దిగులు చాలా ఎక్కువగా ఉంది. అయినా, మరణం సంభవించిన ఆ కొద్ది రోజులు తప్పిస్తే, సంతోషం, తృప్తి లాంటివి కూడా దాదాపు అంతే తరచుగా కలిగాయని వాళ్ళే చెప్పారు. అంటే ఒకే రోజులో, ఒకే మనిషిలో రెండూ ఉంటాయి. సేవను ఏళ్ళ తరబడి మోయడానికి ఆ సంతోషం ఆసరా అవుతుందన్నది ఆవిడ వాదన.

మా అమ్మ చివరి నెలల్లో గదిలోకి వచ్చినవాళ్ళంతా గొంతు తగ్గించి గుసగుసగా మాట్లాడేవారు. ఒక సాయంత్రం అక్క తడి దూదితో అమ్మ పెదాలు తుడుస్తూ, చిన్నప్పుడు తను గోడ దూకి మోకాలు చీరుకున్న కథ చెబుతోంది. అమ్మ కళ్ళు తెరవకుండానే, "దూకింది నువ్వు కాదే, నీ తమ్ముడు. నువ్వు కింద నిలబడి ఏడ్చావు" అంది. అందరం పగలబడి నవ్వాం. అమ్మకి నవ్వుతో పాటు దగ్గు కూడా వచ్చింది, అయినా "ఇంకోటి చెప్పు" అంది. ఆ కాసేపూ ఆవిడ మళ్ళీ మా తప్పులు దిద్దే ఇంటి పెద్ద. గుసగుసలు ఆవిడకి ఆ స్థానం లేకుండా చేశాయి.

అలాగని రోగిని నవ్వించి తీరాలని పట్టుబట్టకూడదు. నొప్పి, ఆయాసం ఉంటే ముందు దాని సంగతి చూడాలి. ఏడవాలనిపిస్తే ఏడవనివ్వాలి.

చూసుకునేవాళ్ళు సరదాలు మానుకోవాలన్న మాటకి ఎక్కువ జవాబు అక్కర్లేదు. నిద్ర లేక, బయటి గాలి తగలక, నెలల తరబడి టెన్షన్‌తో ఉన్న మనిషికి విసుగొస్తుంది, ఆ విసుగు చివరికి రోగి మీదే పడుతుంది.

నిజం దాచాలన్నది మాత్రం నిజంగా హాని చేసే సలహా. 2004లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో, క్యాన్సర్‌తో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని, బిడ్డతో చావు గురించి మాట్లాడారా అని అడిగారు. మాట్లాడిన 147 మందిలో ఒక్కరు కూడా పశ్చాత్తాపపడలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది, మాట్లాడి ఉంటే బాగుండేదన్నారు. చాలాసార్లు రోగికి ముందే తెలిసిపోతుంది, మనం బాధపడతామని వాళ్ళూ దాస్తారు. అలా ఒకే గదిలో అందరూ నటిస్తుంటే మనసు విప్పి మాట్లాడే సంతోషం ఎక్కడిది? అందరికీ అన్నీ తెలుసుకోవాలని ఉండదు, అది కూడా గౌరవించాలి. "నీ ఆరోగ్యం గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడిగి, వాళ్ళు ఆగిన చోట మనమూ ఆగితే సరిపోతుంది.

పిల్లల విషయమూ ఇంతే. ఏదో జరుగుతోందని పిల్లలు పసిగడతారు. ఎవరూ చెప్పకపోతే తమ వల్లే జరిగిందేమోనని కూడా అనుకుంటారు. వాళ్ళ వయసుకి అర్థమయ్యేలా చెప్పి, చేతులకి క్రీమ్ రాయడం లాంటి చిన్న పనేదైనా ఇవ్వండి. ఉండలేకపోతే బయటికి వెళ్ళిపోవచ్చని కూడా చెప్పండి.

ఇక పాలియేటివ్ కేర్. బ్రిటిష్ డాక్టర్ సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశలో ఉన్న రోగుల్ని చూసుకునే చోటు) తెరిచినప్పటి నుంచీ దీని పని ఒకటే: నొప్పి, ఆయాసం, భయం తగ్గించి, ఉన్నన్నాళ్ళు మనిషిని మనిషిలా బతకనివ్వడం. చికిత్స ఆపాకే ఇది మొదలుపెట్టాలనేమీ లేదు. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందితో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మామూలు వైద్యంతో పాటు మొదట్నుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్ళలో డిప్రెషన్ తక్కువగా ఉంది. వాళ్ళలో సగం మంది 11.6 నెలలకి మించి బతికారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో ఆ లెక్క 8.9 నెలలు. ప్రతి జబ్బుకీ ఇదే లెక్క వర్తిస్తుందని అనను, కానీ "చేతులెత్తేయడం" అన్న మాట మాత్రం ఇక్కడ నిలబడదు. బలమైన నొప్పి మందు మార్ఫిన్ అన్నా ఇలాగే భయపడతారు. తెలిసిన డాక్టర్ అవసరానికి తగ్గట్టు మోతాదు సర్దుతూ ఇస్తే అది ప్రాణం తీయదు. నొప్పి తగ్గిన రోజునే రోగి మనతో నాలుగు మాటలు మాట్లాడగలుగుతారు.

"తర్వాత జీవితమంతా ఉంది" అన్నది మిగిలినవాళ్ళకి నిజమే. మంచం మీదున్న మనిషికి ఆ తర్వాత లేదు. ఆ మనిషితో కలిసి పంచుకునే సంతోషం ఏదైనా ఉంటే అది ఈ వారంలోనే, ఒంట్లో కాస్త ఓపిక ఉన్న ఈ పూటే. కాబట్టి ఈ మెసేజ్ మీకొస్తే, రోగిని చూసుకుంటున్న ఇంటికి దయచేసి పంపకండి. వాళ్ళకి ఫోన్ చేసి, "రేపు మధ్యాహ్నం నేను వచ్చి కూర్చుంటాను, నువ్వు కాసేపు పడుకో" అనండి. వెళ్ళినప్పుడు మీకు తెలిసిన పాత కబుర్లు రోగికి చెప్పండి.