ఐపీ పెట్టినా పీఎఫ్ పోదు

‘ఐపీ పెట్టాడు’ అన్న మాట మన ఊళ్లలో సగం తిట్టు. పత్తి వ్యాపారి గురించి అన్నా, చిట్టీలు నడిపి చేతులెత్తేసిన మనిషి గురించి అన్నా అర్థం ఒకటే: ఎగ్గొట్టాడు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు కాగితానికి తెలుగు నాట పట్టిన గతి ఇది. ఆ కాగితం వెనకున్న చట్టం 1920 నాటిది. 500 రూపాయల అప్పుంటే పిటిషన్ వేసుకోవచ్చని అందులో ఉంది. ఇవాళ ఆ డబ్బుతో నలుగురు హోటల్లో టిఫిన్ చేసి రావచ్చు, అంతే. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది కదా అంటారు. అందులో వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి అమలు చేసింది కంపెనీల అప్పులకు సొంత హామీ ఇచ్చినవాళ్ల వరకే. మామూలు జీతగాడికి, రైతుకి ఇప్పటికీ ఆ పాత చట్టమే దిక్కు.

దివాలా అనగానే ఉద్యోగికి మొదట వచ్చే భయం పీఎఫ్ గురించి. ఆ భయానికి చట్టంలో ఆధారం లేదు. పీఎఫ్ ఖాతాలో ఉన్న సొమ్మును సభ్యుడి అప్పుల కింద ఏ కోర్టూ జప్తు చేయకూడదని 1952 ప్రావిడెంట్ ఫండ్ చట్టం పదో సెక్షన్‌లో రాశారు. 1920 చట్టం కింద దివాలా తీసినవాడి ఆస్తులు చూసుకోవడానికి కోర్టు నియమించే రిసీవర్‌కు దాని మీద హక్కు లేదని కూడా అక్కడే పేరు పెట్టి మరీ చెప్పారు. పెన్షన్‌కూ గ్రాట్యుటీకీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఇలాంటి రక్షణే ఇస్తోంది.

ఇంత గట్టి గోడను చాలాసార్లు అప్పులవాళ్లు కాదు, మనమే కూల్చుకుంటాం.

ఉద్యోగం ఊడిన ఒక మనిషిని ఊహించుకోండి. పీఎఫ్‌లో 9 లక్షలున్నాయి. కార్డులు, యాప్‌లు కలిపి అప్పు 20 లక్షలు. రికవరీ ఏజెంట్ రోజుకు పదిసార్లు ఫోన్ చేస్తాడు, బావమరిదికీ చేస్తాడు. పరువు పోతుందని ఉన్న పీఎఫ్ తీసి కట్టేస్తాడు. మిగిలిన 11 లక్షల మీద కార్డు వడ్డీ ఏడాదికి ముప్పై, నలభై శాతం చొప్పున నడుస్తూనే ఉంటుంది. ఏడాది తిరగకముందే మళ్లీ అదే ఫోను, అదే గొంతు. చివరికి ఐపీ తప్పదు, అప్పటికి పీఎఫ్ ఉండదు. ఎవరూ ముట్టుకోలేని సొమ్మును తనే తీసుకెళ్లి అప్పజెప్పాడు. నా లెక్కలో పీఎఫ్ తీస్తే అప్పు పూర్తిగా తీరిపోయేటట్టుంటే తీయడం తెలివే, 8.25 శాతం వడ్డీ కోసం నలభై శాతం భరించడంలో అర్థం లేదు. సగమే తీరుతుందంటే మాత్రం ముట్టుకోకూడదు.

తీసి బ్యాంకులో పెట్టుకుంటే సరిపోదా? అక్కడే చిక్కు. పీఎఫ్ చేతికి వచ్చేదాకానే రక్షణ అన్నట్టు 1976లో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. పెన్షన్, గ్రాట్యుటీ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారినా దాని స్వభావం పోదని 2008లో రాధేశ్యామ్ గుప్తా కేసులో అదే కోర్టు చెప్పింది. అంటే బయటికి తీశాక మీరు లాయరును పెట్టుకుని వాదించుకోవాలి. లోపల ఉన్నంతకాలం వాదన అవసరమే లేదు.

మరి ఇది అప్పిచ్చినవాళ్లకు అన్యాయం కాదా అన్న ప్రశ్న తేలిగ్గా తీసేసేది కాదు. చేబదులు ఇచ్చినవాడు కూడా రిటైరైన మాస్టారే కావచ్చు. అందుకే చట్టం రెండో వైపు కూడా చూసింది. దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలోపు భార్య పేరుకో తమ్ముడి పేరుకో ఊరికే రాసిచ్చిన ఇంటిస్థలాన్ని రిసీవర్ వెనక్కి లాగొచ్చు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో కావాలని ఒక్కరికే కట్టిన బాకీ కూడా చెల్లకుండా పోవచ్చు. ఎన్నో ఏళ్లు జీతంలో కోత పడి పోగైన పీఎఫ్ అలాంటిది కాదు.

నాకు నిజంగా అన్యాయంగా కనిపించేది వేరే ఉంది. ఐపీ దాకా వచ్చేవాళ్లలో కిరాణా కొట్టు, కౌలు సేద్యం, ఆటో నమ్ముకున్నవాళ్లు ఎంతోమంది. వాళ్లకు పీఎఫ్ ఎక్కడిది? వాళ్ల ముసలితనపు పొదుపంతా బంగారం, చిట్టీ, ఊరవతల ప్లాటు. ఇవేవీ ఆ గోడకు లోపల లేవు. వాళ్లకూ అందుబాటులో ఉన్నది పీపీఎఫ్, అంటే ఉద్యోగం లేకున్నా ఎవరైనా తెరుచుకోగల పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ ఖాతా: ఏడాదికి 500 నుంచి లక్షన్నర దాకా, పదిహేనేళ్ల గడువు, ఖాతాదారు అప్పులకు కోర్టు జప్తు వర్తించదు. పెళ్లయిన మగవాళ్లు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల కోసం బీమా పాలసీ తీసుకుంటే అదీ అప్పులవాళ్లకు అందదు. కాకపోతే ఇవన్నీ అప్పులు మెడకు చుట్టుకోకముందే చేసుకోవాలి. మోసగించే ఉద్దేశంతో తీసుకున్న పాలసీని ఆ చట్టమే కాపాడదు.

ఇక పిటిషన్ వేసేటప్పుడు ఒక మాట. పీఎఫ్ సంగతి చెబితే పట్టుకుపోతారేమోనని కొందరు ఆస్తుల జాబితాలో దాన్ని రాయరు. ఆస్తి దాచడం నేరం కిందికి వస్తుంది, రాసినంత మాత్రాన సొమ్ము పోదు. పాస్‌బుక్‌లో ఎంత ఉందో అంతా రాసేయండి. రిసీవర్ ఆ వరుస చదివి కిందికి దిగాల్సిందే.