స్వాట్ 4లోని మూసిన తలుపుగారికి

గౌరవనీయులైన తలుపుగారికి,

హనుమకొండ నుంచి ఒక కొత్త పోలీసు రాసుకున్నది. నిజం పోలీసును కాను. పగలు ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. రాత్రి పది దాటాక మా నడి అర్రలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని, స్వాట్ 4 అనే పోలీసు ఆటలో నాతో కలిపి అయిదుగురున్న దళాన్ని నడిపిస్తాను. మూడు వారాలుగా ఆ దళం మొత్తాన్ని మీ ముందే నిలబెట్టి ఉంచినందుకు ఈ లేఖ.

ముందు నా బాధ వినండి. మూసిన తలుపు మాకు అలవాటు లేదు. మా వాడలో పొద్దున తీసిన దర్వాజ మళ్లీ పండుకునేటప్పుడే పడుతుంది. పక్కింటి పెద్దమ్మ తలుపు తట్టి ఎరగదు, "ఏం కూరనే ఇయ్యాల?" అనుకుంటూ నేరుగా పొయ్యి దగ్గరికి వస్తుంది. మా ఊరి గొప్ప కట్టడాలదీ అదే తీరు. ఖిలా వరంగల్‌లో కాకతీయుల తోరణాలు నాలుగు దిక్కులా నిలబడి ఉన్నాయి, ఒక్కదానికీ తలుపు లేదు. అలాంటి ఊళ్లో పుట్టినవాడు మీ ముందుకు వస్తే ఏం చేస్తాడు? తోసుకుని పోతాడు. మొదటి మిషన్‌లో, ఫుడ్ వాల్ అనే ఆ రెస్టారెంట్‌లో, నేనూ అదే చేశాను. లోపల ఎడమవైపు ఒకడు, కుడివైపు ఒకడు. నేను ఎడమవైపు వాడిని మాత్రమే చూశాను.

మా అక్క కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. వాడే నాకు గురువు. "మామా, దర్వాజ నడుమ నిలబడుతరా ఎవలన్న? లోపలున్నోళ్లందరికీ నువ్వొక్కనివే కనపడుతవు. పక్కకు జరుగు" అన్నాడు. పక్కకు జరిగాను. అప్పుడు మీ అడుగు సందులోంచి దూర్చి చూసే కెమెరా ఒకటి చేతికిచ్చాడు. దాన్ని ఆప్టివాండ్ అంటారట. ఒకరింట్లోకి తలుపు సందులోంచి తొంగిచూస్తే మా వాడలో తన్నులు పడతాయి. మీ దగ్గర అదే మొదటి పాఠం!

రెండో పాఠం చెక్కముక్క. గాలికి తలుపు కొట్టుకోకుండా మా అమ్మ కింద పెట్టేలాంటిదే. అమ్మ తలుపు తెరిచి ఉంచడానికి పెడుతుంది, ఇక్కడ మూసి ఉంచడానికి పెట్టాలి, అంతే తేడా. ఇంకా వెతకని గదులున్నప్పుడు వాటి తలుపులకు ఈ ముక్క బిగించి ముందుకు పోతే వెనక నుంచి ఎవడూ రాడు. ఇది అర్థం కావడానికి నాకు వీపులో నాలుగు తూటాలు దిగాయి.

సరే, దెబ్బలు తిని నేర్చుకున్నాను, ఎవడు ఎక్కడున్నాడో కాగితం మీద గీసుకున్నాను కూడా. మర్నాడు చూస్తే వంటగదిలో ఉండాల్సినవాడు అక్కడ లేడు. ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ నేరస్తులూ బందీలూ చోటు మారతారట. పాత ప్రశ్నపత్రాలు చదివి పరీక్షలు గట్టెక్కిన తరం మాది. మాకింత అన్యాయం చేస్తారా?

పోనీ, లోపలికి పోయాకైనా చేతికి పని ఉంటుందా అంటే, కనిపించినవాడిని కాల్చకూడదు. ముందు అరవాలి. లొంగిపొమ్మని అరిచి, వాడు ఆలోచించుకునేదాకా గురిపెట్టి నిలబడాలి. వాడు తుపాకీ మన మీదికో ఇంకొకరి మీదికో ఎత్తకముందే కాల్చామా, మార్కులు కోత. అవును, మార్కులే, నూటికి. తేలిక స్థాయిలో ఎన్ని వచ్చినా పాసే. మామూలు స్థాయిలో 50, కష్టం స్థాయిలో 75, ఎలీట్‌లో 95 రావాలి. ఆ 95 పెట్టినవాడు కొన్నాళ్లు మా హనుమకొండలో ఎంసెట్ కోచింగ్ తీసుకుని ఉంటాడని నా అనుమానం.

అరిచేది ఆటలోని పోలీసే అయినా, స్పీకర్లు మా ఇంటివి. మొదటి రాత్రే అమ్మ లేచి వచ్చింది. "ఎవలతోని రా లొల్లి ఇంత రాత్రి?" అంది. నేరస్తులతో అని చెప్పాను. "తెల్లారినంక పెట్టుకో" అని పోయి పడుకుంది.

కాపాడటానికి పోయిన బందీలకు కూడా చేతులు కట్టేయాలట. కట్టినవాడి గురించి, పడిపోయినవాడి గురించి రేడియోలో చెప్పాలి. కింద పడిన తుపాకులు ఏరుకోవాలి. మొండికేసినవాళ్లకు పెప్పర్ స్ప్రే. మిర్చి ఘాటు గురించి ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊరివాడికి మీరు చెప్పాలా? సీజన్లో ఆ దారిన పోతే ఎవరూ కొట్టకుండానే దగ్గి, కళ్లు తుడుచుకుని, చేతులెత్తేస్తాం. అయినా మాస్కు తీసుకోకుండా గ్యాస్ గ్రెనేడ్ విసిరి, ఆ పొగలోకి నేనే ముందు నడిచాను. ఆ సంగతి మళ్లీ ఎత్తకండి.

నాయకుడంటే ముందు నడిచేవాడు అనుకోవడమే నా అసలు తప్పు. వెనక ఎర్ర జట్టు ఇద్దరు, నీలం జట్టు ఇద్దరు ఖాళీగా నిలబడి ఉంటే నేనే మీలోకి దూరేవాణ్ని. పెళ్లిలో పెద్దమనిషి పప్పు గిన్నె తను పట్టుకోడు కదా. కుర్చీలో కూర్చుని "ఆ వరసకు పప్పు పోనియ్యి" అంటాడు. ఇక్కడా అంతే. తలుపు తీసి, కళ్లూ చెవులూ గింగిరాలెత్తించే ఫ్లాష్‌బ్యాంగ్ వేసి, గది ఖాళీ చేయమని ఎర్ర జట్టుకు చెప్పాలి. నేను ఇంకో తలుపు మీద కన్నేసి ఉండాలి. ఇది తెలిసిన రోజు నుంచి నేను చావడం సగానికి తగ్గింది.

మీ వంశచరిత్ర విన్నాక నా కోపం కూడా కొంత తగ్గింది. 1987లో సియెరా కంపెనీ పోలీస్ క్వెస్ట్ అనే ఆట తెచ్చింది. దాన్ని రూపొందించిన జిమ్ వాల్స్ కాలిఫోర్నియా హైవే పెట్రోల్‌లో పనిచేసినవాడు. అందులో కారెక్కే ముందు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి చూసుకోవాలి. చూసుకోకుండా బండి తీస్తే టైరు పోయి ఆట అక్కడితో అయిపోతుంది. మేం కొత్త బండిని భద్రకాళి గుడి దగ్గరికి తీసుకుపోయి టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం. టైరును అంత దగ్గరగా చూసేది ఆ ఒక్క రోజే. ఆ కుటుంబంలోనే 2005లో ఇర్రేషనల్ గేమ్స్ చేతిలో మీరు పుట్టారు. తాతకే అంత చాదస్తం ఉంటే మనవడికి ఉండదా?

ఇక నిన్న రాత్రి సంగతి. కష్టం స్థాయి. ప్రతి సందులోంచీ తొంగిచూశాను. చెక్కముక్కలు బిగించాను. గొంతు పోయేలా అరిపించాను. ఒక్క ప్రాణం పోలేదు, అందరి చేతులూ కట్టాం, రేడియోలో అన్నీ చెప్పాం. మార్కులు చూస్తే 73. మేనల్లుడు వచ్చి గదులన్నీ మళ్లీ తిప్పాడు. ఒక తుపాకీ దొరికింది. ఎక్కడో చెప్పనా? తెరిచిన మీ రెక్క వెనక, గోడకూ మీకూ నడుమ.

దాచింది మీరే కాబట్టి ఆ రెండు మార్కులు మీరే ఇప్పించగలరని మనవి.

ఇట్లు,
మీ పక్కన, గోడకు ఆనుకుని,
ఒక హనుమకొండవాసి

తాజాకలం: ఇవాళ పొద్దున బాత్రూం తలుపు పక్కన గోడకు నక్కి "లోపలెవలున్నరు?" అని గట్టిగా అరిచాను. బాపు రెండు చేతులూ పైకెత్తి బయటికొచ్చాడు, ఒక చేతిలో చెంబు. ఏరుకున్నాను.