డిన్నర్ సెట్టు వద్దు, కంచాలు విడిగా కొనండి

కొత్త కాపురం అనగానే అందరూ ఆ 33 ముక్కల డిన్నర్ సెట్టు దగ్గరే ఆగిపోతారు. అందులో సూపు గిన్నెలు, సూపు చెంచాలు. రోజూ సూపు తాగే ఇల్లు మనలో ఎన్నండీ? చిన్న పళ్ళేలు నెల తిరక్కుండా అటకెక్కుతాయి. పెద్దవాటికేమో అంచుండదు, పప్పుచారు కలిపితే టేబుల్ మీదికి పారుతుంది. అది ఫోర్కుతో తినేవాళ్ల పళ్ళెం.

చేత్తో తినేవాళ్లకి కావలసింది స్టీలు కంచం. 11, 12 అంగుళాల వెడల్పు, చదునైన అడుగు, అంగుళం ఎత్తున నిటారు అంచు. ముద్దని ఆ అంచుకి ఆనించే కదా కూడదీస్తాం! కొట్లోనే మధ్యలో బొటనవేలితో నొక్కి చూడండి. టక్కుమని లోపలికి పోయి తిరిగొచ్చిందంటే రేకు పల్చన. రేకు మందాన్ని గేజ్ అంకెతో చెబుతారు; ఆ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 22 గేజ్ చాలు, 20 అయితే గట్టి సరుకు, 26 అయితే సొట్టలే. అంచు వెనక మడత కూడా చూడండి. సందులో గోరు దూరితే రేపు జిడ్డూ సబ్బునీళ్లూ దూరతాయి, బోర్లించిన గంటకి కూడా చుక్కలు కారుతూనే ఉంటాయి.

ఇక అయస్కాంతం పరీక్ష. 304, 202, 430 అనేవి స్టెయిన్‌లెస్ స్టీలు రకాల అంకెలు. "అంటుకోలేదు కాబట్టి 304" అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, అదీ అయస్కాంతానికి అంటుకోదు. గట్టిగా అంటుకునేది నికెల్ వెయ్యని 430. పైగా అసలైన 304 కూడా ప్రెస్సులో వంచిన అంచుల దగ్గర కాస్త లాగుతుంది. కాబట్టి అయస్కాంతం 430ని పట్టిస్తుందేమో గానీ, 202కీ 304కీ తేడా చెప్పలేదు. "ఫుడ్ గ్రేడ్" స్టిక్కరుని పక్కనపెట్టి, ఐఎస్ఐ గుర్తుతో, స్టీలు పాత్రల ప్రమాణం ఐఎస్ 14756 అంకె ఉందేమో చూడండి.

అన్నం తినే కంచానికి 202 పర్వాలేదు. రాత్రంతా పులుసు, ఊరగాయ ఉండే గిన్నెలకి మాత్రం 304 తీసుకోండి. ఏ స్టీలైనా సరే, చన్నీళ్లలో కల్లుప్పు వేసి కదపకుండా వదిలేస్తే అడుగున సూదిమొనంత గుంటలు పడతాయి. ఉప్పులోని క్లోరైడు, స్టీలుని కాపాడే పైపొరని అక్కడ తినేస్తుంది. నీళ్లు మరిగాక ఉప్పేసి కలపండి.

చెంచా విరక్కపోయినా మెడ దగ్గర వంగుతుంది. గడ్డపెరుగు తీసినా వంగేది కొనడం దండగ. మెడ 2 మిల్లీమీటర్ల మందమన్నా ఉండాలి. అంచు చుట్టూ వేలు పోనివ్వండి, గరుగ్గా తగిలితే పాలిష్ ఎగ్గొట్టారన్నమాట, పెదవి గీరుకుంటుంది.

మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ పళ్ళేలు తేలిక, అంత సులువుగా పగలవు, నిజమే. కానీ వాటిని మైక్రోవేవ్‌లో పెట్టకండి, పొగలు కక్కే సాంబారూ పొయ్యకండి. వేడికి ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం కూరలోకి దిగుతుంది. బోన్ చైనా అనే పింగాణీలో నిజంగానే ఎముకల బూడిద ఉంటుంది, శాకాహారుల ఇంటికి బహుమతిగా ఇచ్చేవాళ్లు గమనించాలి.

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసుల్ని నేలకేసి కొట్టకండి. లోపలి దాంట్లో చన్నీళ్లు పోసి, బయటిదాన్ని వేణ్ణీళ్లలో నిలబెడితే ఊడొస్తాయి.

కంచం మీద పేరు చెక్కిస్తారా? అడుగున చెక్కించండి. లోపల చెక్కిస్తే ఆ చుక్కల్లో పసుపు పట్టి ఎంత తోమినా పోదు.