పదేళ్ల లోపు పిల్లలను కొలనులోకి ఒంటరిగా పంపవద్దు

ఈ ఆదివారం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సర్వసభ్య సమావేశం. లిఫ్టుల మరమ్మతు, పార్కింగ్ తగాదాల మధ్య ఎజెండాలో ఒక చిన్న అంశం ఉంది: స్విమ్మింగ్ పూల్‌లోకి పిల్లలను ఎన్నో ఏట నుంచి ఒంటరిగా రానివ్వాలి? ఎనిమిదేళ్లు అని కమిటీ ప్రతిపాదించింది. నేను దీనికి ఒప్పుకోను. పదేళ్లు నిండని పిల్లలెవరూ పెద్దవాళ్లు వెంట లేకుండా ఆ గేటు దాటకూడదు. సమావేశంలో ఇదంతా చెప్పే సమయం దొరకదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

"మా చిన్నప్పుడు మాకెవరు కాపలా ఉన్నారు? బావిలో దూకే నేర్చుకున్నాం" అని ఒక పెద్దాయన మా గ్రూపులో రాశారు. చాలామంది అవునవునన్నారు. ఆయన మీద గౌరవంతోనే అంటున్నాను, కాపలా ఉండేది. మా ఊరి మోటబావిలో ఈత నేర్పేటప్పుడు పిల్లల నడుముకు బెండ్లు కట్టి, వాటితో పాటు ఒక తాడు కూడా కట్టేవారు. తాడు రెండో కొస గట్టు మీద ఏ మేనమామ చేతిలోనో, చిన్నాన్న చేతిలోనో ఉండేది. తాడు ఎప్పుడు విప్పాలో ఆయనే తేల్చేవాడు, పిల్లాడు ఎంత బతిమాలినా సరే. ఆ తాడు లేకుండా చెరువులకూ క్వారీ గుంతలకూ వెళ్లిన పిల్లల సంగతి ఏటా వేసవి సెలవుల్లో జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. బతికి బయటపడ్డవాళ్లమే ఇవాళ కబుర్లు చెప్పుకుంటున్నాం.

నీళ్లలో మునిగేవాళ్లు కేకలు వేస్తారని, చేతులు ఊపుతారని మనలో చాలామంది నమ్మకం. మునిగే పిల్లలకు కేక వేసేంత ఊపిరి ఉండదు. తల వెనక్కి వాలుతుంది, నోరు నీటిమట్టం దగ్గర పైకీ కిందికీ ఆడుతుంది, చేతులు రెండు పక్కలా నీటిని కిందికి నొక్కుతుంటాయి. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. చాలాసార్లు ఒక నిమిషం కూడా పట్టదు.

మా కొలనులోనే చూశాను. మూడడుగుల లోతు నుంచి ఐదడుగులకు నేల ఏటవాలుగా దిగుతుంది. అక్కడ గట్టు మీద రాసిన అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఏడేళ్లుంటాయేమో, ఒక పాప ట్యూబు వేసుకుని ఆడుతూ ఆ వాలు దాటింది. ట్యూబు తిరగబడి, తల కింద, కాళ్లు పైన. పక్కనే నలుగురు పిల్లలు బంతి ఆడుతున్నారు, ఒక్కరూ తిరిగి చూడలేదు. ఈత సాధన చేస్తున్న ఇంటర్ చదివే అమ్మాయి గమనించి లాగింది. పాప కళ్లు తెరిచి, దగ్గి, ఆ తర్వాతే ఏడ్చింది. అంతసేపూ చిన్న శబ్దం కూడా రాలేదు.

2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో నాలుగో వంతు ఐదేళ్లు నిండని పసివాళ్లు. 5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణాలకు ఇది మూడో పెద్ద కారణం. ఎనిమిదేళ్లు రాగానే గండం గడిచినట్టు కాదని ఆ అంకెలే చెబుతున్నాయి.

బ్రిటన్‌లో కూడా ఎనిమిదేళ్లే కదా అని అక్కడ ఉండి వచ్చిన ఒకరు అన్నారు. నిజమే, ఎనిమిదేళ్ల లోపు పిల్లల వెంట పెద్దవాళ్లు ఉండాలన్నది అక్కడి కొలనుల్లో మామూలుగా పాటించే పద్ధతి. అయితే ఇంగ్లండ్‌లో ప్రాథమిక పాఠశాల ముగిసేలోపు పిల్లలు 25 మీటర్లు ఈదగలగాలని పాఠ్యప్రణాళికే చెబుతుంది. కొలను దగ్గర శిక్షణ పొందిన లైఫ్‌గార్డులు నీళ్లనే చూస్తూ ఉంటారు. మన దగ్గర లైఫ్‌గార్డు అని పిలిచే మనిషే క్లోరిన్ కలుపుతాడు, ఆకులు తీస్తాడు, రిజిస్టరులో సంతకాలు పెట్టిస్తాడు, టోపీ లేదని పిల్లలను మందలిస్తాడు. అతని తప్పేమీ లేదు, మనం అతనికిచ్చిన పని అది. ఆస్ట్రేలియాలో రాయల్ లైఫ్ సేవింగ్ సంస్థ పదేళ్ల లోపు పిల్లల వెంట పెద్దవాళ్లు ఉండాలంటుంది. ఐదేళ్ల లోపు వాళ్లయితే చెయ్యి చాస్తే అందేంత దగ్గర ఉండాలంటుంది. మనకు సరిపోయేది ఇదే.

వెంట ఉండడం అంటే ఏమిటో కూడా రాసుకోవాలి. కుర్చీలో కూర్చుని ఫోను చూస్తుంటే వెంట ఉన్నట్టు కాదు. పనమ్మాయిని తోడు పంపడం నాకు మరీ బాధ కలిగిస్తుంది. ఆ అమ్మాయికి ఈత రాదు, నీళ్లంటే తనకే భయం. రేపు ఏదైనా జరిగితే అందరి వేళ్లూ తన వైపే చూపిస్తాయి. పన్నెండేళ్ల అక్కకు ఆరేళ్ల తమ్ముణ్ణి అప్పగించడం కూడా అలాంటిదే. ఆ బరువు పిల్లల మీద పెట్టకూడదు.

పదేళ్లు దాటిన పిల్లలను అడ్డుకోవాలని నేను అనడం లేదు. ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా ఈది, లోతైన చోట ఒక నిమిషం తేలుతూ ఉండి, మెట్లు లేని వైపు నుంచి సొంతంగా గట్టెక్కగలిగితే కోచ్ కార్డు ఇవ్వాలి. ఆ తర్వాత హాయిగా ఈదనివ్వాలి. పద్నాలుగేళ్ల దాకా పెద్దవాళ్లు కూర్చోవాల్సిందే అన్నవారు కూడా ఉన్నారు. అలా చేస్తే వాళ్లు కొలను మానేసి ఎవరికీ చెప్పకుండా చెరువుకు పోతారు.

ఉద్యోగాల నుంచి రాత్రి ఎనిమిదికి వచ్చే తల్లిదండ్రుల ఇబ్బంది నాకు తెలుసు. సాయంత్రాలు ఈత వచ్చిన ఇద్దరేసి పెద్దవాళ్లం వంతులు వేసుకుందాం. మంగళవారాలు, శనివారాలు నేను ఉంటాను. నీటిలోంచి తీసిన మనిషికి ఊపిరి ఊది, ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే శిక్షణ వంతులో ఉన్న ప్రతి ఒక్కరం తీసుకోవాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆగితే మెదడుకు ప్రాణవాయువు అందక జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

గేటు మీది "ఎవరి బాధ్యత వారిదే" బోర్డు తీసేయాలని కూడా ఆదివారం అడుగుతాను. ఆరేళ్ల పాపకు ఆ మాట ఎలా వర్తిస్తుంది? మెయింటెనెన్స్ వసూలు చేసే సంఘానికి బాధ్యత ఉంటుంది. పదేళ్లను పన్నెండు చేద్దామని ఎవరైనా సవరణ తెస్తే చర్చకు నేను సిద్ధం. ఎనిమిదికి మాత్రం నా ఓటు పడదు. మీ ఫ్లాటు నుంచి ఒక్కరైనా వచ్చి చెయ్యెత్తండి.