పేర్లు ఎప్పుడు పడతాయి?

తెలుగువారు సినిమాకు వెళ్తే పేర్లు పడటం దగ్గర్నుంచి చూడాలనుకుంటారు. పేర్లు దాటిపోయాక హాల్లో అడుగుపెట్టడం మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇప్పటికీ మనసొప్పని పని. అందుకే ఆటకు గంటన్నర ముందే ఇంట్లో హడావుడి మొదలవుతుంది. పిల్లలకు ఇంత తినిపించి, గ్యాస్ కట్టేసి, తాళం ఒకటికి రెండుసార్లు లాగి చూసి, దారిలో ట్రాఫిక్‌కు కొంత సమయం లెక్కేసుకుని బయలుదేరతారు. ఇంత జాగ్రత్తపడి ఆరున్నర ఆటకు ఆరూ ఇరవైకే మల్టీప్లెక్స్ సీట్లో కూర్చున్న కుటుంబానికి ఎదురయ్యేది ఏమిటి? ఆరున్నరకు దీపాలు ఆరుతాయి. బంగారం తాకట్టు రుణాల ప్రకటన వస్తుంది. తర్వాత మసాలా పొడి, సిమెంటు, కొత్త కారు, ఊరి చివర వెంచర్‌లో ప్లాట్లు. ఆపైన మళ్లీ అదే బంగారం. అమ్మ ఒడిలోని పిల్లవాడు “సినిమా ఎప్పుడు వేస్తారు?” అని మూడోసారి అడిగేసరికి ఆరూ యాభై. ఏడు కావస్తుండగా పేర్లు పడే వేళకు వాడు నిద్రలోకి జారుకుంటాడు.

ఆ అరగంట ఎవరిది? డబ్బు పెట్టి టికెట్ కొన్నవారిది. వారు కొన్నది ఆరున్నర ఆట. టికెట్ మీద అచ్చువేసిన ఆ సమయం థియేటర్ ఇచ్చిన మాట. ఒకసారి మనకు అమ్మిన సమయాన్నే రెండోసారి ప్రకటనదారులకు అమ్ముకుంటున్నారు. రెండోసారి అమ్మేటప్పుడు మనల్ని అడగడం లేదు, అమ్మినట్టు చెప్పడమూ లేదు. ఇది చిన్న చికాకు కాదు, నిజాయతీకి సంబంధించిన విషయం. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు దీన్ని ఇంకా చూసీ చూడనట్టు వదిలేయడం తగదు.

బెంగళూరులో ఒక ప్రేక్షకుడు దీన్ని న్యాయం దాకా తీసుకెళ్లారు. 2023 డిసెంబరు 26న సాయంత్రం 4:05 ఆటకు ఆయన మూడు టికెట్లు కొన్నారు. ఆరున్నరకు సినిమా అయిపోతే తన పనికి వెళ్లవచ్చనుకున్నారు. తీరా సినిమా మొదలైంది నాలుగున్నరకు. బెంగళూరు జిల్లా వినియోగదారుల కమిషన్ 2025 ఫిబ్రవరిలో ఆయన పక్షాన తీర్పు చెప్పింది. మానసిక వేదనకు 20 వేల రూపాయలు, ఖర్చులకు 8 వేలు చెల్లించాలని, వినియోగదారుల సంక్షేమ నిధికి లక్ష రూపాయలు జమ చేయాలని పీవీఆర్ ఐనాక్స్ సంస్థను ఆదేశించింది. టికెట్ మీద సినిమా అసలు మొదలయ్యే సమయమే వేయాలని చెప్పింది. ఈ రోజుల్లో కాలమంటే డబ్బేనని, ఇతరుల కాలాన్ని వాడుకుని లాభపడే హక్కు ఎవరికీ లేదని కమిషన్ అన్న మాట దేశమంతటా వినిపించింది. వినియోగదారుల న్యాయస్థానాల నుంచి ఇంత సూటైన మాట తరచుగా రాదు.

హైదరాబాద్ వాసులకు ఇది కొత్త సంగతి కాదు. 2019లో కాచిగూడలోని ఒక మల్టీప్లెక్స్‌లో నాలుగున్నర ఆట పావుగంట ఆలస్యంగా మొదలైందని ఒక ప్రేక్షకుడు ఫిర్యాదు చేస్తే, ఇక్కడి కమిషన్ కూడా ఆయన వైపే నిలిచింది. పరిహారంతో పాటు ఆ సంస్థకు లక్ష రూపాయల జరిమానా వేసింది. తర్వాత హైదరాబాద్ హాళ్లలో ఏమి మారింది? ఈ వారాంతం ఏ మల్టీప్లెక్స్‌కు వెళ్లి గడియారం చూసుకున్నా జవాబు తెలుస్తుంది.

బెంగళూరు తీర్పు కూడా ఎంతో కాలం నిలబడలేదు. 2025 మార్చిలో కర్ణాటక హైకోర్టు దాన్ని నిలిపివేసింది. ఒక వ్యక్తి ఫిర్యాదును ప్రజాప్రయోజన వ్యాజ్యంలా భావించి, అందరికీ వర్తించే ఆదేశాలు ఇవ్వడం కమిషన్ పరిధి దాటడమేనని అభిప్రాయపడింది. అందరికీ వర్తించే నియమం చేయడం వినియోగదారుల కమిషన్ పని కాదన్నప్పుడు, అది ఎవరి పని? ప్రభుత్వాలదే. హైకోర్టు ఉత్తర్వును థియేటర్ యజమానులకు దొరికిన ఊరటగా చూసి ఊరుకోకూడదు. బంతి ఇప్పుడు సచివాలయాల ముంగిట ఉంది.

ప్రకటనలు మన తెరకు కొత్త కావు. ఊరి నగల దుకాణం, బట్టల కొట్టు పేర్లున్న గాజు స్లైడ్లు వేసిన రోజులు చాలామందికి గుర్తే. ఫిలిమ్స్ డివిజన్ న్యూస్ రీలు వేయడం ఒకప్పుడు లైసెన్సు షరతు. తెర లేచేటప్పుడు వేంకటేశ్వరస్వామి పాట వినిపించేది, బయట బెంచీ దగ్గర టీ తాగుతున్నవాళ్లు ఆ పాట చెవిన పడగానే గ్లాసు కింద పెట్టి లోపలికి పరుగెత్తేవాళ్లు. ఆ పాటకూ పేర్లకూ మధ్య ఎంత సమయం ఉందో పిల్లలకు కూడా తెలుసు. అప్పటి తంతులో దాపరికం లేదు. ఇప్పుడు పోయింది సరిగ్గా ఆ తెలియడమే. ఒక హాల్లో పది నిమిషాలు, ఇంకో హాల్లో పాతిక, కొత్త సినిమా వారంలో అంతకన్నా ఎక్కువ. ఎవరికీ లెక్క అందదు.

లెక్క అందకపోతే ఏమవుతుందో హాల్లో కళ్లారా చూడవచ్చు. అలవాటైనవాళ్లు కావాలనే ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తారు. వారి అంచనా తప్పి అప్పటికే సినిమా మొదలై ఉంటే, సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని వరస వెతుక్కుంటారు. కాళ్లు తొక్కుకుంటూ, పాప్‌కార్న్ డబ్బాలు తప్పించుకుంటూ, మొదటి సన్నివేశానికి అడ్డంగా నడుస్తారు. సమయానికి వచ్చినవారికి రెండు రకాల శిక్ష: ముందు అరగంట ప్రకటనలు, తర్వాత ఆలస్యంగా వచ్చినవారి వీపులు. రెండో ఆటకు వెళ్లినవారి సంగతి ఇంకా కష్టం. సినిమా వదిలేసరికి అర్ధరాత్రి దాటి, చివరి బస్సూ మెట్రో రెండూ పోయి, ఆటోవాలా అడిగినంత ఇచ్చుకోవాల్సిన పరిస్థితి ఒంటరిగా వచ్చిన ఆడపిల్లలకు ఎలా ఉంటుందో ఈ ప్రకటనల పట్టిక వేసేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

ప్రజలకు ఉపయోగపడే సందేశాలు వేయాలి కదా అన్నది మల్టీప్లెక్సుల వాదన. పొగాకు వాడే దృశ్యాలున్న సినిమాకు మొదట్లోనూ మధ్యలోనూ 30 సెకన్ల ఆరోగ్య సందేశం, 20 సెకన్ల హెచ్చరిక వేయాలన్న నిబంధన 2012 అక్టోబరు 2 నుంచి అమలులో ఉంది. మొదట్లో వేసేవి రెండూ కలిపితే నిమిషం కూడా కాదు. మిగతా సమయం సిమెంటుది, ప్లాట్లది. ప్రజాప్రయోజనం పేరు చెప్పి దాన్ని సమర్థించడం సరికాదు.

ప్రకటనల ఆదాయం లేకపోతే థియేటర్ నడవదన్న వాదనను మాత్రం మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ప్రేక్షకులు రాక 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది రోజులు ఆటలు ఆపుకున్నాయి. జిల్లా పట్టణాల్లో ఎన్నో హాళ్లు కల్యాణ మండపాలుగా, గోదాములుగా మారిపోయాయి. కరెంటు బిల్లుకు వెతుక్కునే యజమానికి స్థానిక ప్రకటన మీద వచ్చే నాలుగు రాళ్లు ఎవరూ కాదనరు. కానీ అరగంట ప్రకటనలు వేస్తున్నది ఆ చిన్న హాళ్లు కాదు. ప్రకటనల మీద ఏటా వందల కోట్లు గడించే పెద్ద గొలుసు సంస్థలు. అవి ప్రకటనలు మానుకోగలవని కూడా రుజువైంది. 2024లో బెంగళూరు, ముంబయిల్లోని ఖరీదైన హాళ్లలో వాణిజ్య ప్రకటనలు తీసేసి, ట్రైలర్లతో సరిపెట్టి, మిగిలిన సమయంలో అదనపు ఆట వేసుకునే పద్ధతిని పీవీఆర్ ఐనాక్స్ మొదలుపెట్టింది. అంటే ఎక్కువ డబ్బు పెట్టగలిగినవారి సమయానికి విలువ ఉందని ఆ సంస్థకే తెలుసు. మామూలు టికెట్ కొన్న గుమాస్తా సమయానికి, సెలవు రోజున పిల్లలను తీసుకొచ్చిన ఉపాధ్యాయురాలి సమయానికి ఆ విలువ ఎందుకు లేదు?

అమెరికాలోనూ ఈ అసంతృప్తి ముదిరింది. కనెక్టికట్ రాష్ట్రంలో అసలు సినిమా మొదలయ్యే సమయం తప్పనిసరిగా చెప్పాలంటూ 2025 ఆరంభంలో చట్టసభ ముందుకు ప్రతిపాదన వచ్చింది. అదే ఏడాది అక్కడి అతిపెద్ద థియేటర్ల సంస్థ ఏఎంసీ, చెప్పిన సమయం తర్వాత 25 నుంచి 30 నిమిషాలకు గాని సినిమా మొదలుకాదని టికెట్ కొనేటప్పుడే తెలియజేయడం ప్రారంభించింది. అంతసేపు ప్రకటనలు వేయడాన్ని మేము సమర్థించం. అయినా ముందుగా చెప్పడం మెరుగు. డాలస్‌లో తెలుగు సినిమాకు వెళ్లే మన పిల్లలకు తెలిసే సంగతి విజయవాడలో వాళ్ల అమ్మానాన్నలకు ఎందుకు తెలియకూడదు?

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, దాని కింద 1970లో చేసిన నిబంధనలు ఉన్నాయి. థియేటర్‌కు లైసెన్సు ఇచ్చేది హైదరాబాద్‌లో పోలీసు కమిషనర్, ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో జాయింట్ కలెక్టర్. మంటలార్పే పరికరాలు ఎన్ని ఉండాలో, రోజుకు ఎన్ని ఆటలు వేయాలో షరతు పెట్టగలిగిన ప్రభుత్వం, టికెట్ మీద ఏ సమయం వేయాలో కూడా చెప్పగలదు. టికెట్ ధరల మీద ఉత్తర్వులు జారీ చేయడంలో రెండు ప్రభుత్వాలూ ఎప్పుడూ వెనకాడలేదు. పెద్ద హీరో సినిమా విడుదలైన ప్రతిసారీ ధర పెంచుకోవడానికి అనుమతులు రాత్రికి రాత్రే వస్తాయి. ప్రేక్షకుడి సమయం గురించి ఒక్క ఉత్తర్వు రావడానికి ఇంత కాలం పట్టకూడదు.

మేము కోరేది ఇది. టికెట్ మీద, బుకింగ్ యాప్‌లో రెండు సమయాలు ఉండాలి: తెర మీద ప్రకటనలు మొదలయ్యేది ఒకటి, పేర్లు పడేది ఒకటి. రెంటికీ మధ్య ట్రైలర్లతో కలిపి పది నిమిషాలకు మించకూడదు. ఇంటర్వెల్ సమయానికీ ఇదే కొలత. మాట తప్పిన హాలు మీద ఫిర్యాదు చేయడానికి లైసెన్సు అధికారి ఫోను నంబరు టికెట్ వెనకే ఉండాలి. సంక్రాంతి సినిమాలు వచ్చేలోగా ఈ షరతును లైసెన్సుల్లో చేర్చాలి. ఈలోగా నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. టికెట్‌ను, పేర్లు పడిన సమయాన్ని దాచుకోవాలి. బెంగళూరు, కాచిగూడ కేసులు రెండూ వినియోగదారుల కమిషన్ల ముందు నిలబడింది టికెట్ మీది సమయానికీ తెర మీది సమయానికీ మధ్య ఉన్న ఆ తేడా మీదే.