పదమూడో కుర్చీ గురించి ఒక విన్నపం

మహారాజశ్రీ జావా ప్రొవైడర్ల జాబితా గారికి,

హనుమకొండ చౌరస్తా దగ్గర, మిద్దె మీది గదిలో కూర్చుని మీ కొలువునే నమ్ముకున్న ఒక ప్రోగ్రామర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. జావా ప్రోగ్రాములకు సంతకం, రహస్య లిపి లెక్కలు వేసిపెట్టే ప్రొవైడర్లందరినీ వరుసగా కూర్చోబెట్టుకున్న కొలువు మీది. మీ కుశలానికి ఎప్పుడూ లోటుండదు. చిక్కు వచ్చినప్పుడల్లా ఎక్సెప్షన్ అనే ఒక లోపం కబురు విసిరి పక్కకు తప్పుకుంటారు. దాన్ని ఏరుకునే పని మాది.

మేము ఎనుమాముల మార్కెట్ వ్యాపారులకు బిల్లుల ప్రోగ్రాం రాస్తాం. బిల్లు ఎక్స్‌ఎంఎల్ అనే ట్యాగుల రూపంలో ఉంటుంది, దాని మీద డిజిటల్ సంతకం ఉంటుంది. రెండేళ్ల కిందట ఖాతా వివరాలను పరాయివాళ్లు చదవలేకుండా మార్చే ఎన్‌క్రిప్షన్ కూడా పెట్టాల్సి వచ్చింది. ఎక్స్‌ఎంఎల్ సంతకానికీ ఎన్‌క్రిప్షన్‌కూ ప్రమాణాలు రెండూ 2002లోనే వచ్చాయి. సంతకాన్ని 2006లో జావా 6తో పాటు ఇంట్లోకి పిలిచి పీట వేశారు. ఎన్‌క్రిప్షన్‌ను మాత్రం ఇప్పటికీ అరుగు మీదే కూర్చోబెట్టారు. చేసేది లేక అపాచీ వారి సాంటువారియో అనే లైబ్రరీ దగ్గరికి వెళ్లి తెచ్చుకున్నాం.

అసలు లెక్కలు వేయడానికి బౌన్సీ కాసిల్ అనే బయటి ప్రొవైడర్‌ను పిలిపించాను. యాడ్‌ప్రొవైడర్ అని ఒక్క వరుస రాసి మీ కొలువులో చేర్చాను. వ్యాపారుల ముందు ఆ పేరు రెండు సార్లు గట్టిగా చెప్పాను కూడా. రెండేళ్లు గడిచాక, ఒక రాత్రి ఏమీ తోచక, ఏఈఎస్ అనే ఈ ఎన్‌క్రిప్షన్ పని ఎవరు చేస్తున్నారో చూద్దామని ప్రొవైడర్ పేరును లాగ్ అనే చిట్టాలో అచ్చు వేయించాను. జావా సొంత ప్రొవైడర్ సన్‌జేసీఈ! మళ్లీ వేయించాను. మళ్లీ సన్‌జేసీఈ!

అప్పుడు మీ వరుస తీసి చదివాను. మా లైనక్స్ సర్వర్‌లో, జావా 17లో, మీ దగ్గర అప్పటికే పన్నెండు మంది ఉన్నారు. నేను పిలిచిన పెద్దమనిషిని పదమూడో కుర్చీలో కూర్చోబెట్టారు. ఏఈఎస్ ఎవరికి వచ్చని అడిగితే మీరు ముందు నుంచి చూసుకుంటూ వస్తారు. అయిదో కుర్చీలోని సన్‌జేసీఈ చెయ్యెత్తుతాడు. పదమూడో ఆయన రెండేళ్లుగా టీ తాగుతూ కూర్చున్నాడు.

మార్కెట్‌లో తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ మీద కమీషన్ వ్యాపారి అయిన అడ్తిదారు పేరు ఉంటుంది, తూకం వేసేది దడ్వాయి. కానీ ఆ దడ్వాయి ఎవరో రైతుకు కళ్ల ముందే కనిపిస్తాడు. మీ దగ్గర ఆ భాగ్యం కూడా లేదు. ఎనిమిదో కుర్చీలోని ఎక్స్‌ఎంఎల్‌డీసిగ్ గారు సంతకం కాగితమంతా ముచ్చటగా రాస్తారు గాని తూకం వేయరు. ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ కోసం, సంతకం వేసే ఆర్‌ఎస్‌ఏ లెక్క కోసం మళ్లీ మీ వరుస వైపే చూస్తారు. ఆ ఆర్‌ఎస్‌ఏ లెక్క ఫలానావారే వేయాలని చెప్పడానికి ప్రాపర్టీ అనే ఒక సెట్టింగ్ ఉంది. దాని పేరు చదివేలోపు టీ చల్లారుతుంది.

సరే, నాకు బుద్ధి వచ్చింది. ఎక్కడ ఏ లెక్క జరిగినా బౌన్సీ కాసిల్ పేరు పెట్టి అడిగాను. ఎన్‌క్రిప్షన్ దారికి వచ్చింది, సంతకం ఆగిపోయింది! వ్యాపారుల సంతకం కీ, అంటే సంతకం వేసే రహస్య తాళంచెవి, ఉండేది పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌లో. ఆ కీ బయటికి రాదు. జావా చేతికి దాని చిరునామా చీటీ మాత్రమే వస్తుంది. ఆ చీటీని చదవగలిగేది టోకెన్‌తో మాట్లాడే సన్ పీకేసీఎస్11 ఒక్కడే. బౌన్సీ కాసిల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఆర్‌ఎస్‌ఏ కీ కాదు పొమ్మన్నాడు.

నేను నోరు మూసుకుని ఉంటే, సంతకం మొదలయ్యే క్షణం వరకు ఆగి, కీని చూసి, దానికి తగినవాణ్ని మీరే ఎంచుకునేవారట. అంటే పేరు చెప్పనప్పుడు నేను పిలిచినవాణ్ని పక్కన పెట్టారు. పేరు చెప్పినప్పుడు చేతకానివాడికే పని అప్పగించారు. రెండు సార్లూ రూల్ ప్రకారమే చేశారు కాబట్టి మిమ్మల్ని తిట్టడానికి కూడా నాకు వీలు లేకుండా పోయింది. ఇంట్లో నా ముఖం చూసి మా ఆవిడ టోకెన్ పోయిందేమో అనుకుంది.

అన్నట్టు, ఎస్‌హెచ్‌ఏ-1 అనే బలహీనమైన హ్యాష్‌తో చేసిన మా పాత సంతకాలను జావా 17 చెల్లవంది. అది న్యాయమే, ఒప్పుకుంటాను. కాస్త ముందుగా చెవిన వేసి ఉంటే బాగుండేది.

ఇక మిర్చి సీజన్ మధ్యలో ఒక అకౌంటెంట్ బిల్లు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచారు. వరుసలు చిందరవందరగా ఉన్నాయని ట్యాగుల ముందు ఖాళీలు పెట్టి చక్కగా సర్ది సేవ్ చేశారు. సంతకం చెల్లలేదు. "అంకె ఒక్కటి కూడా ముట్టుకోలేదు సార్, శుభ్రం చేశాను అంతే" అన్నారు ఫోనులో. సంతకానికి ముందు ఫైలును ఒకే రూపానికి తెచ్చే కెనానికలైజేషన్ అనే శాస్త్రం ట్యాగులో రాసే వివరాల (ఆట్రిబ్యూట్ల) క్రమాన్ని పట్టించుకోదు గాని, ట్యాగుల మధ్య ఖాళీని మాత్రం ప్రాణంలా కాపాడుతుంది. ఇది ఆయనకు అరగంట చెప్పాను. చివరికి ఆయన, "అయితే చింపిరిగానే ఉంచాలన్నమాట" అన్నారు. నాకు ఇంతకంటే మంచి నిర్వచనం ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు ఎన్‌క్రిప్షన్‌కు పేరు చెబుతున్నాను, సంతకానికి చెప్పడం లేదు. లాగ్‌లో మాత్రం రెండింటికీ పేరు అచ్చు వేయిస్తున్నాను. నా విన్నపం ఒకటే: పని ఎవరు చేశారో నేను అడక్కముందే చెప్పండి.

ఇట్లు,
మీ కొలువు గుమ్మంలో నిలబడ్డవాడు

తాజా కలం: అకౌంటెంట్ ఇప్పుడే ఫోను చేశారు. ఈసారి ఫైలును అసలు తాకలేదట. లోపలి అక్షరాలన్నీ వాట్సాప్‌లో అతికించి పంపారట.