గడువు తీసేస్తే మిగిలేది ఏమిటి?

వీడియో గేముల్లో గడువు పెట్టడమంటే ఆటగాడిని వేధించడమేనని, దాన్ని పూర్తిగా తీసేయాలని మీరు ప్రచురించిన వ్యాసంలో వ్యాసకర్త అంటున్నారు. నేను ఒప్పుకోను.

1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే కంప్యూటర్ ఆట చూడండి. మొత్తం ఆటకు 60 నిమిషాలే. చనిపోతే ఆ దశ మళ్లీ మొదటికి వస్తుంది, గడియారం మాత్రం వెనక్కి తిరగదు. అందుకే ప్రతి గెంతుకూ విలువ ఉంది. ప్రాణశక్తినిచ్చే ఒక ఔషధం సీసా కోసం పక్కదారి పట్టాలా వద్దా అన్నది అక్కడ నిజమైన నిర్ణయం. విశాఖలో గంటకింత అని అద్దె కట్టి కంప్యూటర్ల ముందు కూర్చున్న మా తరానికి ఆ ఒత్తిడి రెండింతలు! అయినా విసుక్కోలేదు, దారులన్నీ కంఠస్థం చేశాం.

పిక్మిన్ అనే ఆట మొదటి భాగంలో, ఆటలోని లెక్క ప్రకారం 30 రోజుల గడువు ఉండేది, 2004లో వచ్చిన రెండో భాగంలో తీసేశారు. అటూ ఇటూ తిరిగి చూసే స్వేచ్ఛ పెరిగింది, నిజమే. ఈ రోజు ఏ పని ముందు అన్న తర్జనభర్జన మాత్రం పలచబడింది.

నాకు కోపం తెప్పించేది ఫోను ఆటల్లోని గడియారం. కొన్ని గంటలు ఆగు, లేదంటే డబ్బు కట్టు అంటుంది. ఆర్కే బీచ్‌కు వెళ్లినా మా పిల్లల చూపు దాని మీదే. ఆటలో భాగమైన గడువునూ, డబ్బు కోసం ఆపే ఈ గడియారాన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఈసారి ఫోను ఆటల గడియారం గురించి విడిగా రాయండి.